ఖాళీ బరువు

పోర్టు రోడ్డు మలుపులో ధర్మకాటా నాది.
నాదంటే, సేటుది. కుర్చీ నాది.
పంతొమ్మిదేళ్ళుగా
లారీ ఖాళీగా వచ్చినప్పుడు ఒకసారి,
నిండుగా పోయేటప్పుడు ఒకసారి తూస్తాను.
రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే
సరుకు.
ఇంత చిన్న తీసివేతకి ధర్మమని పేరెందుకో
నాకూ తెలీదు.

మొన్న మధ్యాహ్నం ట్యాబ్ పట్టుకుని
సర్వే అమ్మాయి వచ్చింది, ముఖం కందిపోయి.
జనం బాగోగులు రాసుకుంటోందట.
నీళ్ళిచ్చాను.
నెలకెంత వస్తుందండీ? చెప్పాను.
ఫ్రిజ్? ఉంది. బండి? ఉంది.
ఇల్లు? జ్ఞానాపురంలో, పైన రేకులు.
వేలితో ఒక్కోటీ నొక్కుతుంటే
నేను బాగుపడుతున్న చప్పుడు వినిపించింది.

ఈలోగా బయట బల్ల మీద
మా పైడిరాజు బావ దగ్గాడు.
బొగ్గు యార్డులో దుమ్ము లేవకుండా
ఇరవై రెండేళ్ళు నీళ్ళు చల్లిన మనిషి.
లేచినదంతా తనే పీల్చుకున్నాడు.
ఆ దగ్గు మొదలైతే
రెండు లారీలు తూచి పంపేదాకా ఆగదు.
అమ్మాయి వేలు తెర మీదే ఆగింది.
"దగ్గుకి గడి లేదండీ" అంది,
తప్పు తనదైనట్టు.

కేజీహెచ్‌లో గొట్టం నోట్లో పెట్టి ఊదమన్నారు బావని.
మూడుసార్లు ఊదాడు, బుగ్గలు పూరించి, పిల్లాడిలా.
నూటికి నలభై నాలుగు, అంది డాక్టరమ్మ.
జీతం ఆ ఏడాదే పెరిగింది.
తూచేవాణ్ణి కదా,
ఆ చీటీ, ఈ చీటీ పక్కపక్కన పెట్టి చూశాను.
ఏది నిండు, ఏది ఖాళీ,
దేంట్లోంచి దేన్ని తీసేయాలి?
చేతకాలేదు.

"అయితే డబ్బు ముఖ్యం కాదంటారా?"
అలాగని ఎవడన్నాడు?
దాలమ్మ సంగతి చెప్పాను.
బావ తల్లి. ఎనభై మూడు.
ఫిషింగ్ హార్బరులో తెల్లారకుండా గంప ఎత్తిన నెత్తి.
డెబ్బై రెండో ఏట గుండె తడబడితే
లోపల మిషను పెట్టించాడు కొడుకు.
అప్పు తీరడానికి
రెండేళ్ళ నైట్‌ షిఫ్టులు పట్టాయి.
ఆ పదకొండేళ్ళూ యార్డులో తవ్వి తెచ్చినవే.
ముసిల్దానికి తెలుసు.
మాత్ర వేసుకునేటప్పుడు
అతనికి వీపు తిప్పుతుంది.

ఓసారి ఎండుచేపలు తిరగేస్తూ నాతో అంది:
"ఒరే నూకా, ఆడికి రూపాయి తక్కువొచ్చినా
ఊపిరుంటే సాలును గదా అనుకుంతాను.
మల్లీ ఆ రూపాయి నేకపోతే నానుండను గదా,
నాను నేకపోతే ఆడి పిల్లల్నెవులు పెంచుదురు?
ఏటి సెప్పమంతావు."
ఒక చేపని రెండుసార్లు తిరగేసింది.

బావ మానేసిన చోటు నాకిస్తామన్నారు.
ఇప్పటికంటే ఆరువేలు ఎక్కువ.
రాత్రి పెరుగన్నం కలుపుతూ
గౌరీశ్వరి అవుననలేదు, కాదనలేదు.
పాప ఫీజు కాగితం
ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం కింద కొట్టుకుంటోంది.
ఫ్యాను గాలికే.
మా వీధిలో కిటికీలు తెరవం.

ఇదేదీ అమ్మాయికి చెప్పలేదు.
ట్యాబ్ సంచిలో పెట్టేశాక, ఊరికే,
"మీరు బాగున్నారాండీ?" అంది.
హారన్ మోగింది. తూకానికి లేచాను.

నిండు లారీ పలక దిగి వెళ్ళిపోయింది.
ఏమీ లేని కాటా సున్నా చూపాలి.
ఇరవై చూపించింది.
రోజూ అంతే, ఆ వేళకి
ఇరవై కిలోల పొడి పలక మీద పేరుకుంటుంది,
ఎవరి చీటీలోకీ ఎక్కదు.
చీపురు తీసుకుని ఊడ్చాను.
సున్నా.

సముద్రం మీంచి గాలి తిరిగింది.
ఊడ్చినదంతా లేచి
మా ఇళ్ళవైపు బయల్దేరింది.
బావ ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని
"నీల్లు సల్లి ఊడవాల్రా" అన్నాడు.